ఎంపీల్లో ఎవరు సీనియర్? లెక్క తేల్చుకునే పద్ధతి

హైదరాబాద్‌లో ఏ కమ్యూనిటీ హాలు ప్రారంభోత్సవమైనా శిలాఫలకం చెక్కించే ముందు ఒక పేచీ తప్పదు, ఎవరి పేరు పైన ఉండాలి, ఎవరిది కింద అని. "మా సార్ సీనియర్" అని ఒకరంటే "ఎందులో సీనియర్?" అని ఇంకొకరు. అశోక్‌నగర్ రూముల్లో గ్రూప్స్‌కి చదివేవాళ్ల మధ్య ఇదే వాదన ఇంకో రూపంలో నడుస్తుంది: ప్రొటెం స్పీకర్‌గా (కొత్త సభలో సభ్యులతో ప్రమాణం చేయించే తాత్కాలిక స్పీకర్) అందరికంటే సీనియర్‌నే పెట్టాలని రాజ్యాంగంలో ఉందా? లేదు. అసలు ఎంపీల సీనియారిటీ అంతా ఒకే చోట తేల్చేసే చట్టమే లేదు, ఆనవాయితీలు కొన్ని, రూల్స్ కొన్ని, మిగతాది అధికారంలో ఉన్నవాళ్ల ఇష్టం.

అందుకని ఎవరైనా "ఫలానా ఎంపీ సీనియరా?" అని అడిగితే ముందు దేనికోసం అడుగుతున్నారో కనుక్కోండి. పెన్షన్‌కి ఒక లెక్క, ప్రోటోకాల్‌కి ఒక లెక్క, ప్రొటెం స్పీకర్ పదవికి ఇంకోటి. ఈ మూడూ కలిపేసుకునే టీవీ డిబేట్లలో అరుచుకుంటుంటారు.

తర్వాత వివరాలు తీయాలి. పార్లమెంటు వెబ్‌సైట్లో ప్రతి ఎంపీకీ ఒక పేజీ ఉంటుంది, అందులో ఆయన ఏయే లోక్‌సభల్లో ఉన్నారో నంబర్లతో సహా కనిపిస్తుంది. ఉదాహరణకి అసదుద్దీన్ ఒవైసీ అయితే 14 నుంచి 18 దాకా వరసగా ఐదు. ఆ నంబర్లు కాగితం మీద రాసుకోండి. ఫ్లెక్సీల మీద వేసే "నాలుగు దశాబ్దాల ప్రజాజీవితం" లాంటివి పక్కన పడేయండి, అందులో కార్పొరేటర్‌గా చేసిందీ, పార్టీ పదవులూ, ఓడిపోయి ఇంట్లో కూర్చున్న కాలమూ అన్నీ కలిసి ఉంటాయి. ఎమ్మెల్యేగా చేసిన కాలం కూడా లోక్‌సభ లెక్కలోకి రాదు.

ఇక్కడ చాలామంది పడే తికమక ఒకటుంది. ఎన్నిసార్లు గెలిచారు అనేదీ, ఎన్ని లోక్‌సభల్లో ఉన్నారు అనేదీ వేర్వేరు. కేసీఆర్‌నే తీసుకోండి. కరీంనగర్ నుంచి 2004లో గెలిచారు, తెలంగాణ కోసం రాజీనామా చేసి 2006 ఉప ఎన్నికలో మళ్లీ గెలిచారు, 2008లో ఇంకోసారి రాజీనామా, ఇంకో ఉప ఎన్నిక, ఇంకో గెలుపు. మూడు గెలుపులూ 14వ లోక్‌సభలోనే కాబట్టి టర్మ్ మాత్రం ఒక్కటే. 2009లో మహబూబ్‌నగర్ కలిపితే గెలుపులు నాలుగు, లోక్‌సభలు రెండు. దీనికి ఇంకో వైపు కూడా ఉంది: పీవీ నరసింహారావు ప్రధాని అయ్యాక 1991 నవంబర్‌లో నంద్యాల ఉప ఎన్నికలో గెలిచి 10వ లోక్‌సభకి వచ్చారు, అప్పటికి సభ మొదలై నెలలు గడిచాయి, అయినా టర్మ్‌ల లెక్కలో అది పూర్తి టర్మే.

టర్మ్‌లన్నీ ఒకే పొడవు ఉండవు కూడా. ఎమర్జెన్సీలో గడువు పొడిగించడం వల్ల 1971 నాటి ఐదో లోక్‌సభ దాదాపు ఆరేళ్లు నడిచింది, 1998లో వచ్చిన 12వ లోక్‌సభ పదమూడు నెలలకే రద్దయింది. 1996, 1998, 1999 వరసగా గెలిచినవాళ్లు 2004 నాటికి ఎనిమిదేళ్లలోపే మూడు టర్మ్‌ల సీనియర్లు అయిపోయారు. కేంద్ర పార్లమెంటరీ వ్యవహారాల శాఖ హ్యాండ్‌బుక్ అయితే సభలో ఎన్నేళ్లు ఉన్నారన్నదే ఆధారం అంటుంది, పేపర్లేమో ఎప్పుడూ టర్మ్‌లే లెక్కబెడతాయి. మీరు రెండూ వేసి చూసుకోండి.

2024లో దేశమంతా కొట్టుకున్న కేసుతో వేసి చూద్దాం. కేరళ నుంచి గెలిచిన కాంగ్రెస్ ఎంపీ కొడికున్నిల్ సురేశ్‌ది ఎనిమిదో టర్మ్. ఒడిశాలోని కటక్ నుంచి గెలిచిన భర్తృహరి మహతాబ్‌ది ఏడోది. కేంద్రం మహతాబ్‌ని ప్రొటెం స్పీకర్‌గా పెట్టింది, కాంగ్రెస్ గొడవ చేసింది. మంత్రి కిరణ్ రిజిజు ఇచ్చిన సమాధానం ఏంటంటే, మహతాబ్ 1998 నుంచి ఒక్కసారి కూడా ఓడకుండా వస్తున్నారు, సురేశ్ 1998లో, 2004లో సభలో లేరు. సరే, ఏళ్లలో చూద్దాం. ఇద్దరూ ఉన్న లోక్‌సభలు (13, 15, 16, 17) కొట్టేయండి, వాటితో పని లేదు. సురేశ్‌కి మాత్రమే ఉన్నవి 9, 10, 11: పదిహేను నెలలు, ఐదేళ్లకి ఒక నెల తక్కువ, ఏడాదిన్నర. మహతాబ్‌కి మాత్రమే ఉన్నవి 12, 14: పదమూడు నెలల పైన, ఐదేళ్లు. తేడా తీస్తే సురేశ్ ఏడాదిన్నర పైచిలుకు ముందున్నారు. అంటే టర్మ్‌లు చూసినా, ఏళ్లు చూసినా సురేశే, మధ్యలో విరామం లేకుండా అని షరతు పెడితేనే మహతాబ్. ఆయన ఆ ఎన్నికల ముందే బీజేడీ నుంచి బీజేపీలోకి వచ్చారు, దానివల్ల లెక్క ఏమీ మారదు, సీనియారిటీ మనిషిది, పార్టీది కాదు.

ఇప్పుడు అసెంబ్లీకి రండి, మనకి ఇంకా రుచిగా ఉంటుంది. 2023 డిసెంబర్‌లో కొత్త కాంగ్రెస్ ప్రభుత్వం చాంద్రాయణగుట్ట ఎమ్మెల్యే అక్బరుద్దీన్ ఒవైసీని ప్రొటెం స్పీకర్‌గా పెట్టింది. సీనియర్లని పక్కనబెట్టారంటూ బీజేపీ ఎమ్మెల్యేలు ఎనిమిది మందీ ఆయన ముందు ప్రమాణం చేయకుండా బహిష్కరించారు, కొత్త స్పీకర్ వచ్చాకే చేశారు. మొత్తం గెలుపులు లెక్కేస్తే వాళ్ల మాటలో నిజముంది, కేసీఆర్ 1985 నుంచి గెలుస్తున్న మనిషి (ఆ రోజుల్లో ఆయన కాలు జారి ఆస్పత్రిలో ఉన్నారనుకోండి). కానీ విరామం లేకుండా అనే షరతు పెట్టి చూడండి: కేసీఆర్ 2004 నుంచి 2014 దాకా పార్లమెంటులో ఉన్నారు, అక్బరుద్దీన్ 1999 నుంచి అసెంబ్లీ వదల్లేదు, అలా చూస్తే అక్బరే ముందు. డిసెంబర్‌లో హైదరాబాద్‌లో మొత్తం గెలుపులు లెక్కబెట్టిన పార్టీ జూన్‌కల్లా ఢిల్లీలో విరామం లేని సర్వీసు అంది, ఇక్కడ సీనియారిటీని పట్టించుకోని పార్టీ అక్కడ ఆనవాయితీ మంటగలిసిందంది. ఎవరి కొలత టేపు వాళ్లదే.

మరి రూల్ ఏముంది? లోక్‌సభకి ఆర్టికల్ 95(1), అసెంబ్లీకి 180(1). స్పీకర్, డిప్యూటీ స్పీకర్ రెండు కుర్చీలూ ఖాళీగా ఉంటే రాష్ట్రపతి, రాష్ట్రంలో అయితే గవర్నర్, సభ్యుల్లో ఒకరిని నియమిస్తారు. అంతే. సీనియర్ అన్న మాట లేదు, ప్రొటెం అన్న మాట కూడా లేదు. కాబట్టి కోర్టుకెక్కడం దండగ. 2004లో సోమనాథ్ ఛటర్జీ, 2014లో కమల్‌నాథ్ లాంటి పెద్దలని పెట్టింది ఆనవాయితీ ప్రకారం, 2019లో ఎనిమిదేసి టర్మ్‌ల మేనకా గాంధీ, సంతోష్ గంగ్వార్ ఉండగా ఏడు టర్మ్‌ల వీరేంద్ర కుమార్‌ని పెట్టిందీ అదే ఆర్టికల్ కింద.

పద్ధతి వంటబట్టిందో లేదో చూసుకోవాలంటే మన సిటీ చుట్టూ ఉన్న నలుగురు ఎంపీలని వరసలో పెట్టండి. హైదరాబాద్ అసదుద్దీన్ ఐదు టర్మ్‌లు, పేచీ లేదు. సికింద్రాబాద్ కిషన్ రెడ్డి మూడుసార్లు ఎమ్మెల్యే, కానీ లోక్‌సభలో 2019, 2024, రెండే. చేవెళ్ల కొండా విశ్వేశ్వర్ రెడ్డిదీ రెండే, 2014, 2024. మల్కాజిగిరి ఈటల రాజేందర్ రాష్ట్ర రాజకీయాల్లో ఎంత పాతకాపు అయినా, ఆర్థిక మంత్రిగా బడ్జెట్లు పెట్టినా, లోక్‌సభలో ఫస్ట్ టైమర్. మధ్యలో ఇద్దరి సంగతే తిరకాసు. మొదట ఎవరు అడుగుపెట్టారని చూస్తే కొండా, విరామం లేకుండా అంటే కిషన్ రెడ్డి. ఇద్దరూ ఒకే పార్టీ కాబట్టి ఈ ప్రశ్న ఇంతవరకు ఎవరూ వేయలేదు.

ఇదే నలుగురిని ప్రభుత్వ వేదిక మీదకి పిలిస్తే వరస మారిపోతుంది. అక్కడ నడిచేది కేంద్ర హోంశాఖ ప్రాధాన్యతా పట్టిక. కేంద్ర కేబినెట్ మంత్రి 7వ స్థానంలో, ఎంపీలు 21వ స్థానంలో ఉంటారు. కాబట్టి కిషన్ రెడ్డి కేంద్ర మంత్రిగా ముందుకొస్తారు, అసదుద్దీన్ ఐదు టర్మ్‌లూ అక్కడ పనిచేయవు. ఒకే స్థానంలో ఉన్నవాళ్ల మధ్య, ఆ స్థానంలోకి ఎవరు ముందు వచ్చారో ఆ తేదీ చూడాలని పట్టిక కింది నోట్‌లో ఉంది. వేరే రాష్ట్రంలో జరిగే ఫంక్షన్‌లో తేదీలు తేలకపోతే రాష్ట్రాల పేర్ల అక్షరక్రమం చూస్తారు. ఈ పట్టిక అధికారిక వేడుకలకే, రోజువారీ ప్రభుత్వ పనికి వర్తించదని కూడా అందులోనే రాసుంది, మీ అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వినాయక చవితికి దీంతో సంబంధం లేదు. ప్రభుత్వ కార్యక్రమమైతే మాత్రం సొంత తెలివి వాడకుండా సాధారణ పరిపాలన శాఖ ప్రోటోకాల్ విభాగం చెప్పిన వరసే రాయించండి.

పెన్షన్ అన్నిటికంటే సులువు. లోక్‌సభ, రాజ్యసభ రెండూ కలుపుతారు, మధ్యలో ఎన్నేళ్లు ఖాళీ ఉన్నా పట్టించుకోరు. 2023 ఏప్రిల్ నుంచి నెలకి 31,000 రూపాయలు, ఐదేళ్లు దాటిన ప్రతి ఏడాదికీ ఇంకో 2,500. ఢిల్లీలో ఇంటికి టర్మ్‌లతో పాటు పాత పదవులు కూడా చూస్తారు, మాజీ ముఖ్యమంత్రి, మాజీ గవర్నర్ లాంటివాళ్లు కొత్తగా ఎంపీ అయినా పెద్ద బంగళాకి అర్హులే. సభలో సీట్లు పార్టీల బలాన్ని బట్టి పంచుతారు. ప్రశ్నలకీ, మంత్రులు కాని ఎంపీలు పెట్టే ప్రైవేటు బిల్లులకీ లాటరీ తీస్తారు కాబట్టి అక్కడ పది టర్మ్‌ల పెద్దాయనా నిన్న గెలిచిన కుర్రాడూ ఒకటే.

రాజ్యసభ ఎప్పుడూ రద్దు కాదు, అందుకని అక్కడ ప్రొటెం గొడవే రాదు. రెండేళ్లకోసారి మూడోవంతు మంది దిగిపోతారు, ఉప ఎన్నికలో వచ్చినవాళ్లకి మిగిలిన కాలమే దక్కుతుంది. మూడు టర్మ్‌లు అనగానే పద్దెనిమిదేళ్లు అనుకోవద్దు, తేదీలు చూడండి.

ప్రమాణం చేసిన వరసని మాత్రం లెక్కలోకి తీసుకోకండి. లోక్‌సభలో మంత్రుల తర్వాత రాష్ట్రాలని ఇంగ్లిష్ అక్షరక్రమంలో పిలుస్తారు. 2024లో ఆంధ్రా ఎంపీల వంతు జూన్ 24న వస్తే తెలంగాణ వంతు 25న వచ్చింది. అంతమాత్రాన వాళ్లు ఒకరోజు సీనియర్లు అయిపోరు, చట్టం ప్రకారం గెలిచినట్టు ప్రకటించిన రోజే ఎన్నికైన తేదీ, అది ఇద్దరికీ జూన్ 4. అదే బ్రిటన్‌లో అయితే ఈ వరసకి విలువుంది. అక్కడ విరామం లేకుండా ఎక్కువ కాలం ఉన్న ఎంపీకి ఒక గౌరవ హోదా ఇస్తారు, సమానంగా ఉంటే ముందు ఎవరు ప్రమాణం చేశారో చూస్తారు. ఎడ్వర్డ్ లీ, జెరెమీ కార్బిన్ ఇద్దరూ 1983లోనే గెలిచినా, 2024లో ఆ హోదా ముందు ప్రమాణం చేసిన లీకే వెళ్లింది.