పోలింగ్ ఏజెంట్ పని నేర్చుకుందాం – మూడో పాఠం: వేలి సిరా నుంచి ఫారం 17సి దాకా

మాక్ పోల్, అంటే అసలు ఓటింగుకు ముందు వేసి చూసే పరీక్ష ఓట్లు, అయింది. కంట్రోల్ యూనిట్‌లో (ఆఫీసర్ దగ్గరుండే, ఓట్ల లెక్క దాచే పెట్టె) క్లియర్ మీట నొక్కించి సున్నా చూశారు, సీళ్ల నంబర్లు రాసుకున్నారు. రెండో పాఠం అక్కడ ఆగింది. మొదటి ఓటరు లోపలికి వచ్చినప్పటి నుంచి బూతులో పడ్డ ఓట్ల లెక్క రాసే ఫారం 17సి నకలు మీ చేతికి అందేదాకా ఏం చేయాలో ఈ పాఠంలో చూద్దాం. రాయగడ, గునుపూర్, పర్లాకిమిడి, కొరాపుట్ వైపు బూతుల్లో కూర్చోబోయే తెలుగువాళ్ల కోసం రాస్తున్నాం కాబట్టి సరిహద్దులో ఎదురయ్యే చిక్కులకు ఎక్కువ చోటిచ్చాం.

ముందు జాబితా సంగతి. మొదటి పోలింగ్ ఆఫీసర్ ఓటరు క్రమసంఖ్య, పేరు పైకి చదువుతారు. మీరు మీ జాబితాలో ఆ సంఖ్య దగ్గర టిక్కు పెట్టాలి. జాబితా ఒడియాలో ఉంటుంది, చదివే గొంతు కూడా ఒడియాదే. వెంకటరావు అన్న పేరు 'బెంకట' అని వినబడుతుంది. అందుకని పేరు పట్టుకోవాలని చూడకండి, క్రమసంఖ్య పట్టుకోండి. ఒడియా చదవడం రాకపోతే ముందు రోజు రాత్రే ఇంట్లో ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుని ప్రతి సంఖ్య పక్కనా పేరు తెలుగులో రాసుకోండి. వెయ్యి పేర్లున్న బూతైతే చాలాసేపు పడుతుంది, అయినా మానొద్దు. టిక్కులు పెట్టిన ఆ జాబితాను పోలింగ్ ముగిసేలోగా బయటికి పంపకూడదని గుర్తుంచుకోండి. బూతులోకి ఫోన్ తీసుకెళ్లకూడదు.

ఇక గుర్తింపు. కార్డు మీద పేరులో ఒక అక్షరం తేడా ఉందనో, ఇంటిపేరు వెనకా ముందూ అయిందనో అభ్యంతరం చెప్పకండి. మనిషి ఎవరో తేలితే చిన్న అచ్చుతప్పులను పట్టించుకోవద్దని ఎన్నికల సంఘం నియమం. వేరే నియోజకవర్గంలో ఇచ్చిన కార్డు చూపినా, పేరు ఈ బూతు జాబితాలో ఉంటే చెల్లుతుంది. పాతపట్నం నుంచి పర్లాకిమిడికి కోడలిగా వచ్చిన అమ్మాయిని పాత కార్డు చూసి వెనక్కి పంపించబోతే, ఏజెంటుగా మీరు చేసే అన్యాయం అదే అవుతుంది.

అసలు సందేహం వస్తే ఛాలెంజ్ ఓటు అడగవచ్చు. రెండు రూపాయలు కట్టాలి. ఈ మనిషి జాబితాలో ఉన్న ఆ మనిషి కాదు అన్న ఒక్క మాట మీదే ఛాలెంజ్ నిలుస్తుంది. వయసు చాలదనో, ఈ ఊళ్లో ఉండడం లేదనో ఆ రోజు వాదించి లాభం లేదు. ఆ అభ్యంతరాలు జాబితా సవరణ సమయంలోనే చెప్పాలి. ప్రిసైడింగ్ ఆఫీసర్ విచారణలో మీ మాట నిజమని తేలితే ఆ మనిషిని పోలీసుకు అప్పగిస్తారు, మీ డబ్బు తిరిగి ఇస్తారు. నిజం కాదని తేలినా, సదుద్దేశంతో అడిగారనుకుంటే డబ్బు వెనక్కి వస్తుంది. ఊరికే అడ్డుపడ్డారని తేలితే రాదు.

రెండు వైపులా పేరున్నవాళ్ల విషయం మన ప్రాంతపు పెద్ద సమస్య. 2024 మే 13న ఆంధ్రప్రదేశ్ అంతటా, కొరాపుట్, బరంపురం లోక్‌సభ స్థానాల్లో ఒకే రోజు ఓటింగ్ జరిగింది. రెండు రాష్ట్రాలూ తమవేననే కొటియా ఊళ్లలో రెండు రాష్ట్రాల జాబితాల్లోనూ పేర్లున్న సంగతి తెలిసిందే. ఒకే తరహా నియోజకవర్గాలు ఒకటికి మించిన వాటిలో (లోక్‌సభకు రెండు చోట్ల, లేదా అసెంబ్లీకి రెండు చోట్ల) ఓటేస్తే ఆ ఓట్లన్నీ చెల్లవని 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 62వ సెక్షన్ చెబుతోంది. కానీ బూతులో కూర్చున్న మీ చేతిలో ఉన్నది చట్టం పుస్తకం కాదు, ఓటరు ఎడమ చూపుడువేలు. దాన్ని చూపించడం ప్రతి ఓటరూ చేయాల్సిందే. వేలు చూపనంటే, సిరా అప్పటికే ఉంటే, చెరపబోతే ఓటు వేయనివ్వకూడదని ఎన్నికల నిర్వహణ నియమాల్లో 49కె చెబుతోంది. వేలికి నూనె రాసుకుని వస్తే సిరా అంటదు. ముందు గుడ్డతో తుడిపించమని రెండో పోలింగ్ ఆఫీసర్‌ను అడగండి. సిరా గీత గోరు పైభాగం నుంచి మొదటి కణుపు దాకా రావాలి. సంతకానికి ముందే పెట్టాలి, బయటికి వెళ్లేలోగా ఆరేందుకు. జనం ఎక్కువైనప్పుడు మొదట దెబ్బతినేది ఈ వరసే, కన్ను అక్కడే ఉంచండి.

ఇప్పుడు లెక్క. ఓటరు సంతకం లేదా వేలిముద్ర వేసే పుస్తకం ఫారం 17ఏ. ప్రతి రెండు గంటలకు ఎన్ని ఓట్లు పడ్డాయో ప్రిసైడింగ్ ఆఫీసర్ తన డైరీలో రాస్తారు. అదే సమయానికి 17ఏలో చివరి వరస సంఖ్య, కంట్రోల్ యూనిట్‌లో టోటల్ మీట నొక్కితే వచ్చే సంఖ్య అడిగి మీ పుస్తకంలో పక్కపక్కన రాసుకోండి. తేడా వస్తే తొమ్మిదింటికే దొరుకుతుంది. సాయంత్రానికి వదిలేస్తే ఎవరి ఓటు ఎక్కడ పోయిందో ఎవరికీ తెలియదు.

తేడా రావడానికి కారణాలు కొన్నే. సంతకం పెట్టి ఓటు వేయనన్నవాళ్లు నియమం 49ఓ కిందికి వస్తారు. గోప్యత నియమం పాటించక, హెచ్చరించినా వినక ఓటు పోగొట్టుకున్నవాళ్లు 49ఎం కిందికి. ఓటు వేసేందుకు వీలిచ్చే బ్యాలెట్ మీటను కంట్రోల్ యూనిట్‌లో ఆఫీసర్ నొక్కాక ఓటరు ఓటు వేయకుండా వెళ్లిపోతే 17ఏలో రాయడం మరిచిపోతారు, ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే. వీవీప్యాట్ (ఓటు ఎవరికి పడిందో చీటీ మీద చూపే యంత్రం) స్లిప్పు తప్పుగా వచ్చిందని ఓటరు ఫిర్యాదు చేస్తే టెస్ట్ ఓటు వేయిస్తారు. ఫిర్యాదు అబద్ధమని తేలితే ఆ టెస్ట్ ఓటు వివరం 17సి ఐదో అంశంలో ఎక్కుతుంది. తన పేరు మీద ముందే ఎవరో వేసేశారంటే ఇచ్చే టెండర్ ఓటు కాగితం మీదే పడుతుంది. అది మెషీన్ లెక్కలో కలవదు, కలపబోయి గాభరా పడకండి.

మెషీన్ మారితే ఇంకో జాగ్రత్త. కంట్రోల్ యూనిట్ గానీ, ఓటరు మీట నొక్కే బ్యాలెట్ యూనిట్ గానీ చెడితే వీవీప్యాట్‌తో సహా మొత్తం సెట్టు మారుస్తారు. కొత్త సెట్టు మీద నోటాతో సహా ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కో ఓటుతో మాక్ పోల్ చేసి క్లియర్ చేయాలి. పాత యూనిట్ మొత్తం, కొత్త యూనిట్ మొత్తం కలిపితేనే బూతు మొత్తం. ఒక్క వీవీప్యాట్ మాత్రమే చెడితే దాన్నొక్కదాన్నే మారుస్తారు, లెక్క మారదు.

ముగింపు వేళకు వరసలో ఉన్నవాళ్లకు చీటీలు ఇస్తారు. చివర నిలబడ్డవారికి ఒకటో నంబరు, అక్కడి నుంచి ముందుకు. ఇలా చేస్తే తర్వాత వచ్చి చేరినవాళ్లకు చీటీ దొరకదు. అందరూ వేశాక క్లోజ్ మీట నొక్కుతారు.

ఫారం 17సి మొదటి భాగంలో చూడాల్సిన సూత్రం ఇది: 17ఏ మొత్తం నుంచి 49ఓ వాళ్లను, 49ఎం వాళ్లను తీసేస్తే మెషీన్ మొత్తం రావాలి. ఉదాహరణకు 17ఏలో 731, ఓటు వేయనన్నవాళ్లు ఇద్దరు, 49ఎం కింద పంపేసినవారు ఒకరు. మెషీన్ 728 చూపాలి. ఒడిశాలో లోక్‌సభ, అసెంబ్లీ ఒకేసారి జరిగినప్పుడు 17సి రెండు ఉంటాయి. ఒక మెషీన్ మీద వేసి రెండోదాన్ని వదిలేసి వెళ్లినవారు ఉంటే రెండు మొత్తాలూ ఒకటి కావు, కారణం 17ఏలో రాసి ఉంటే చాలు. సంతకం చేసిన నకలు అక్కడున్న ప్రతి ఏజెంటుకూ ఇవ్వాలని నియమం 49ఎస్. యూనిట్ల నంబర్లు, సీళ్ల నంబర్లు మీ పుస్తకంతో సరిచూసి, నకలు అందాకే రసీదు మీద సంతకం చేయండి. లెక్కింపు రోజు మెషీన్ మొత్తం ఈ కాగితంతో కుదరకపోతే ఆ యూనిట్‌ను పక్కన పెడతారు. గెలుపు తేడా అలాంటి బూతుల ఓట్ల కన్నా తక్కువైతే అక్కడి వీవీప్యాట్ స్లిప్పులు లెక్కిస్తారు.

అభ్యాసం: 17ఏలో 846. మొదటి యూనిట్ 312 దగ్గర చెడింది, రెండోది 530 చూపింది. 49ఓ ఇద్దరు, 49ఎం ఒకరు, టెండర్ ఓట్లు మూడు. లెక్క ఎక్కడ తప్పింది, ఎంత తప్పింది, ప్రిసైడింగ్ ఆఫీసర్‌ను ఏం అడగాలి? కాగితం మీద చేసి ఉంచండి. జవాబు నాలుగో పాఠంలో, లెక్కింపు బల్ల దగ్గర ఏం చూడాలో చెప్పేటప్పుడు.