ఆఫ్‌లైన్ నుంచి ఆన్‌లైన్‌కు: షాట్లు ఎక్కడ తప్పిపోతాయి, ఎలా దొరుకుతాయి

చెన్నై సాలిగ్రామంలో పనిచేసే నాకు అర్ధరాత్రి వచ్చే ఫోన్లు చాలావరకు ఒకే మాటతో మొదలవుతాయి: "అన్నా, టైమ్‌లైన్ అంతా ఎర్రగా ఉంది." టైమ్‌లైన్ అంటే షాట్లను వరుసగా పేర్చిన పట్టీ; ఒరిజినల్ ఫైలు దొరకని షాటు అందులో ఎర్రగా కనిపిస్తుంది. అవతల ఉన్నది తొలి సినిమా చేస్తున్న అసిస్టెంట్ ఎడిటర్. తెల్లవారితే రంగులు సరిచేసే కలరిస్టు వచ్చి కూర్చుంటారు. ఆ కంగారు నాకు తెలుసు కాబట్టే ఇదంతా ఒకచోట రాస్తున్నాను.

ప్రాక్సీలతో, అంటే కెమెరా ఫైళ్ల తేలికపాటి నకళ్లతో, కట్ చేయడం ఆఫ్‌లైన్. అదే కట్‌ను కెమెరా ఒరిజినల్స్‌తో మళ్లీ పేర్చడం ఆన్‌లైన్. ఆ పేర్చే పనిని కన్‌ఫార్మ్ అంటాం. ఫిల్ము రోజుల్లో ఇదే వీధుల్లో నెగటివ్ కటర్లు ఈ పని చేసేవారు. ఎడిటర్ కోసిన రష్ ప్రింటు (నెగటివ్ నుంచి తీసిన పని కాపీ) అంచున అడుగుకొక నంబరు, అంటే 35 ఎంఎంలో 16 ఫ్రేములకొకటి ఉండేది. దాన్ని నెగటివ్ మీది నంబరుతో సరిచూసి కత్తెర వేసేవారు. ఇప్పుడు కత్తెర లేదు కానీ నంబర్లు సరిచూడటం పోలేదు. మన నంబరులో రెండు భాగాలు: రీలు పేరు (ఏ కార్డు, ఏ క్లిప్పు అన్నది), టైమ్‌కోడ్ (ప్రతి ఫ్రేముకూ ఉండే గంట:నిమిషం:సెకను:ఫ్రేము అంకె). ఈ రెండింటిలో ఒకటి షూటింగ్ రోజునో, ప్రాక్సీలు తీసిన రోజునో చెడుతుంది. బయటపడేది మాత్రం ఆన్‌లైన్ గదిలో.

షాట్లు దొరకడం లేదు, తెర ఎర్రగా ఉంది

అన్నిటినీ ఒకేసారి కలపాలని చూడకండి. ఒక్క షాటు తీసుకోండి. ఎడిటర్ పంపిన కట్ జాబితాలో దాని పేరు, టైమ్‌కోడ్ ఏమున్నాయో, ఒరిజినల్ ఫైలులో ఏమున్నాయో కాగితం మీద పక్కపక్కన రాయండి. రెండూ ఒకటే అయితే బహుశా ఒరిజినల్ ఉన్న ఫోల్డరును ప్రాజెక్టులోకి తెచ్చుకోలేదన్నమాట. పేరు తేడాగా ఉంటే ఎవరో ప్రాక్సీ ఫైలు పేరు మార్చారు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో క్లిప్పులు ఉంచే బిన్‌లో "నాన్న క్లోజప్" అని పెట్టుకుంటే నష్టం లేదు, ఫైలు పేరునే మారిస్తే తాడు తెగినట్టే.

కన్‌ఫార్మ్, కలర్ పనికి వాడే డావిన్చీ రిజాల్వ్‌లో అయితే రీలు పేరును ఫైలు పేరు నుంచి తీసుకోవాలా, ఫైలు లోపల కెమెరా రాసిన సమాచారం నుంచి తీసుకోవాలా అన్నది ప్రాజెక్టు సెట్టింగుల్లో ఎంచుకోవాలి. జాబితా ఏ పద్ధతిలో తయారైందో ఇక్కడా అదే ఉండాలి. ప్రాక్సీల పేర్లు మారిపోయి ఉంటే ఇక మిగిలింది టైమ్‌కోడ్ ఒక్కటే. అప్పుడు ఒక్కో షూటింగ్ రోజు ఫోల్డరును విడివిడిగా కలుపుకుంటూ వెళ్లండి.

ఎరుపు లేదు, కానీ వచ్చింది వేరే టేకు

అన్నిటికంటే భయపడాల్సింది దీనికే. ఎర్ర తెర అయితే తప్పు జరిగిందని చెబుతుంది, ఇది చెప్పదు.

నేను చేసిన ఒక సినిమాలో తల్లి తలుపు దగ్గర నిలబడి కొడుకు వైపు చూసే షాటు ఉంది. ఎడిటర్ ఎంచుకున్న టేకులో ఆమె మాటకు ముందు కళ్లెత్తుతుంది. కన్‌ఫార్మ్‌లో వచ్చిన టేకులో కళ్లు దించే ఉంది. అదే గుమ్మం, అదే చీర, అదే వెలుతురు. ఎడిటర్ పంపిన రిఫరెన్స్ వీడియోను టైమ్‌లైన్‌కు జతచేసి, రెండు బొమ్మల తేడా మాత్రమే కనిపించే మోడ్‌లో చూస్తున్నాను. బొమ్మలు కలిస్తే తెర నల్లబడుతుంది. ఆ షాటు దగ్గర మాత్రం ఆమె గాజుల అంచు సన్నని తెల్ల గీతలా తేలింది.

వెనక్కి వెళ్లి చూస్తే కారణం పాత ఈడీఎల్, అంటే ఉత్త అక్షరాల్లో రాసిన కట్ జాబితా. దాని సీఎంఎక్స్ 3600 పద్ధతిలో రీలు పేరుకు 8 అక్షరాలే చోటు. మా క్లిప్పు పేరులో కార్డు నంబరు, క్లిప్పు నంబరు, ఆ తర్వాత తేదీ ఉన్నాయి. 8 అక్షరాల దగ్గర తెగేసరికి తేదీ పోయి, ఏ007సీ003 మాత్రమే మిగిలింది. కార్డు నంబర్లు మధ్యలో మళ్లీ మొదటికి రావడం వల్ల అదే పేరు మరో రోజూ ఉంది. టైమ్‌కోడ్ గడియారం వేళను అనుసరించేది. రెండు రోజులూ ఉదయం దాదాపు అదే సమయానికి కెమెరా తిరిగింది. పేరూ కలిసింది, టైమ్‌కోడూ కలిసింది.

అందుకే కట్‌ను ఇంకా వివరంగా మోసే ఏఏఎఫ్ గానీ ఎక్స్‌ఎంఎల్ గానీ అడగండి. ఈడీఎల్ తప్పనిసరైతే ఆవిడ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో పొడవైన ఫైలు పేర్లకు చోటిచ్చే ఫైల్_129 పద్ధతిలో తీయించండి. షూటింగ్‌లో కెమెరా అసిస్టెంటుకు ఒక్క మాట చెప్పి పెట్టండి: సినిమా పూర్తయ్యేదాకా కార్డు నంబరు వెనక్కి రాకూడదు. రిఫరెన్స్‌తో పోల్చడం మాత్రం ఎంత ఆలస్యమైనా మానకండి. ప్రాక్సీ మీద లట్ (రంగులను మార్చే పట్టిక) ఉంటే ఒరిజినల్ మీద కూడా అదే లట్ పెట్టి పోల్చాలి, లేకపోతే నలుపు రాదు.

మొదట్లో సరిగ్గా ఉన్న పెదవులు పోనుపోను జారుతున్నాయి

సెకనుకు 24 ఫ్రేములకూ 23.976కూ మధ్య గొడవ ఇది: బొమ్మ ఒక రేటులో, శబ్దం మరో రేటులో నడుస్తున్నాయి. తేడా వెయ్యికి ఒకటే అయినా, 20 నిమిషాల రీలు (ఇక్కడ సినిమాలో ఒక భాగం) చివరకు 1.2 సెకన్లు, అంటే దాదాపు 29 ఫ్రేములు అవుతుంది. రిజాల్వ్‌లో ఫుటేజీ తెచ్చుకోకముందే ఫ్రేమ్ రేటు పెట్టుకోవాలి, తర్వాత ప్రాజెక్టు ఆ సంఖ్యను మార్చనివ్వదు. తప్పు పెట్టేసి ఉంటే కొత్త ప్రాజెక్టు తెరవడం మేలు.

వీఎఫ్ఎక్స్ షాటు మాత్రమే ఆలస్యంగా పడుతోంది

తేడా ప్రతి షాటులోనూ సరిగ్గా 8 ఫ్రేములే ఉందా? అయితే అవి హ్యాండిల్స్. కట్‌కు ముందూ వెనుకా అదనంగా ఇచ్చిన ఫ్రేములతో సహా షాటు తిరిగి వచ్చింది, దాన్ని మొదటి ఫ్రేము నుంచి పేర్చేశారు. ఒక్కో షాటునూ చేత్తో జరపడం కంటే, తిరిగి పంపే ఈఎక్స్ఆర్ బొమ్మల ఫైళ్లలో ఒరిజినల్ టైమ్‌కోడ్ నిలిచేలా వీఎఫ్ఎక్స్ వారిని అడగడం మేలు. అప్పుడు షాటు తన చోటు తానే వెతుక్కుంటుంది.

జూమ్, వేగం తేడాగా ఉన్నాయి

1920 వెడల్పు ప్రాక్సీలో 100 పిక్సెళ్లు పక్కకు జరిపిన ఫ్రేము, 4608 వెడల్పు ఒరిజినల్‌లో 240 జరగాలి. అన్ని సాఫ్ట్‌వేర్లూ ఈ లెక్క కట్టవు. షూటింగ్ మొదటి రోజున ఫ్రేము అంచులు గీసిన ఫ్రేమింగ్ చార్టు ఒకటి తీయించుకుంటే కొలత దొరుకుతుంది. ఇక వేగం విషయానికి వస్తే, ఈడీఎల్ ఒకే తీరు వేగాన్ని మోస్తుంది కానీ మధ్యలో పెరిగి తగ్గే వేగాన్ని మోయదు. అలాంటి షాట్ల జాబితా ఎడిటర్ దగ్గర తీసుకుని, రిఫరెన్స్ చూస్తూ మళ్లీ చేయాలి. పాటల్లో ఇవి ఎక్కువ, ఒక పూట దానికే కేటాయించుకోండి. నెస్టులు (ఒకే క్లిప్పులా మూటగట్టిన షాట్లు), మల్టీక్యామ్‌లు (కలిపి పెట్టిన పలు కెమెరాల క్లిప్పులు) ఉంటే విప్పి, ఆపేసిన క్లిప్పులు తీసేసి, వీలైనన్ని తక్కువ ట్రాకుల్లోకి దించాకే జాబితా తీయమనండి.

ఫోను, డ్రోన్ షాట్లు

ఫోను వీడియోలో ఫ్రేమ్ రేటు నిలకడగా ఉండదు, చాలావాటిలో పనికొచ్చే టైమ్‌కోడ్ కూడా ఉండదు. డ్రోన్ ఫైళ్ల పేర్లు కార్డు మార్చినప్పుడల్లా తిరిగి రావచ్చు. ఎడిటింగ్ మొదలు కాకముందే వీటిని స్థిరమైన ఫ్రేమ్ రేటుకు మార్చి, మళ్లీ రాని పేరు, టైమ్‌కోడ్ ఇచ్చి, ఆ ఫైళ్లనే ఒరిజినల్స్‌గా లెక్కపెట్టండి.

అంతా కలిసింది, సౌండ్ వారు మాత్రం రెండు ఫ్రేములు తక్కువ అంటున్నారు

బొమ్మ మొదలయ్యే రెండు సెకన్ల ముందు వినిపించే పాప్‌ను, అంటే ఒక్క ఫ్రేము బీప్‌ను చూడండి. మొదటి రీలు 01:00:00:00 దగ్గర మొదలైతే అది 00:59:58:00 దగ్గర ఉంటుంది. రీలు చివర కూడా ఒక పాప్ పెట్టించండి. మొదటిది కలిసి చివరిది కలవకపోతే, మధ్యలో ఏదో షాటు పొడవు మారింది. రీలును సగానికి చేసి, ఆ చోట రిఫరెన్స్‌తో పోల్చండి. అక్కడ కలిస్తే తప్పు రెండో సగంలో ఉంది. అలా సగాలు చేసుకుంటూ పోతే పదకొండు పన్నెండు చూపుల్లో ఆ షాటు దొరుకుతుంది.