మేకపోతుకు ఏడాది నిండినా మేకలు చూలు కట్టడం లేదా? సమస్య - పరిష్కారం

దాటిన మేక 18 నుంచి 21 రోజుల్లో మళ్లీ ఎదకొస్తే చూలు నిలవలేదన్నమాట. ఒకటి రెండు మేకలే ఇలా తిరిగొస్తే లోపం ఆ మేకల్లో ఉంటుంది. సగం మంద తిరిగొస్తే మాత్రం ముందు పోతును చూడాలి. జాజును నూనెలో కలిపి పోతు రొమ్ముకు పూయండి, మూడు వారాలకు రంగు మార్చండి. రెండో రంగు కూడా ఎన్ని మేకల నడుము మీద పడిందో లెక్కపెడితే సంగతి తేలిపోతుంది.

లేత పోతు ఎక్కుతుంది, చూలు నిలవదు

వయసు చాలినా బరువు చాలకపోవడమే ఇక్కడ ఎక్కువసార్లు కారణం. వృషణాలు నెలల లెక్కన కాదు, ఒంటి బరువును బట్టి ఎదుగుతాయి. బాగా మేసిన పోతుపిల్ల 4-5 నెలలకే చూలు కట్టించగలదు (అందుకే మూడో నెల దాటగానే ఆడపిల్లల నుంచి వేరు చేయాలి). బక్కగా పెరిగినది ఏడాదికీ పనికి రాకపోవచ్చు.

అందుకని కొలవండి. పోతును నిలబెట్టి, వెనక నుంచి తిత్తిని పైభాగంలో పట్టుకుని, రెండు వృషణాలూ కిందికి దిగేలా మెల్లగా నొక్కి, బాగా లావున్న చోట దర్జీ టేపు చుట్టండి. రెండింటి మధ్య వేలు దూరిస్తే కొలత లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. జమునాపారి, బోయర్ లాంటి పెద్ద జాతుల్లో ఎదిగిన పోతుకు 25 సెంటీమీటర్లు రాకపోతే విత్తనానికి ఉంచొద్దు. చిన్న నాటు జాతులకు ఈ లెక్క కుదరదు. ఒకే వయసు పోతులను పక్కపక్కనే కొలిచి, పెద్ద కొలత వచ్చినదాన్ని ఉంచుకోండి.

ఆ జాతి పోతు పూర్తి బరువులో కనీసం 60 శాతం వచ్చాకే దాటించండి. 40 కిలోలు తూగే జాతికి 24 కిలోలన్నమాట. తొలి ఏడాది 10 మేకలు, రోజుకు ఒక్కటే. రెండేళ్లు నిండాక 25-30 మేకలకు సరిపోతుంది.

నిరుడు బాగా దాటిన పోతు, ఈ జూన్‌లో అన్నీ తిరిగొచ్చాయి

మే నెల ఎండను అనుమానించండి. వృషణాలు ఒంటి వేడికన్నా 2 నుంచి 4 డిగ్రీలు చల్లగా ఉండాలి. ఆ వేడికి, లేదా గట్టి జ్వరానికి, తయారవుతున్న వీర్యకణాలు చెడిపోతాయి. కొత్తవి తయారై బయటికి రావడానికి దాదాపు 60 రోజులు పడుతుంది, ఇంజెక్షన్ వేసినా ఈ గడువు తగ్గదు. ఆ రెండు నెలలూ వేరే పోతును వాడండి. వచ్చే వేసవిలో మధ్యాహ్నం నీడలో కట్టి, నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉంచండి.

బాగా కొవ్వెక్కిన పోతుకూ ఇదే ఇబ్బంది. తిత్తి పైభాగంలో పేరుకున్న కొవ్వు వేడిని పోనివ్వదు. గింజల దాణా తగ్గించి మేతకు నడిపించండి. గింజలు మరీ ఎక్కువైతే మూత్రంలో రాళ్లు కూడా కడతాయి.

ఎద కాలంలో పోతు చిక్కిపోయింది

మేకల వెంట తిరుగుతూ పోతు మేత మానేస్తుంది. బరువు తగ్గితే వృషణాలూ తగ్గుతాయి. ఎద కాలానికి ఆరు వారాల ముందు నుంచే రోజుకు 250-300 గ్రాముల దాణా, ఖనిజ లవణ మిశ్రమం పెట్టండి. నడుము మీద చెయ్యి వేస్తే ఎముకలు గుచ్చుకుంటున్నాయంటే పోతును మందలోంచి తీసి విశ్రాంతినివ్వండి.

ఎక్కబోయి దిగిపోతుంది

వెనక గిట్టలు చూడండి, పెరిగి వంకర తిరిగితే కత్తిరించండి. ఆరేడేళ్లు దాటిన పోతుకు కీళ్ల నొప్పులు ఉంటాయి, దాన్ని మార్చడమే మేలు.

ఒక వృషణం చిన్నది, లేదా గట్టి ముద్ద

పశువైద్యుడికి చూపించండి. పుట్టుకతో కొమ్ముల్లేని పోతుల్లో కొన్నింటికి వీర్యనాళం మూసుకుపోయి ఇలా ముద్ద కడుతుంది, దానికి చికిత్స లేదు. ముద్దతోపాటు వాపు ఉండి, మందలో మేకలు ఈసుకుపోతుంటే బ్రూసెల్లా (మేకలను ఈసుకుపోయేలా చేసే సూక్ష్మజీవి) పరీక్ష చేయించండి. అది మనుషులకూ అంటుతుంది కాబట్టి, ఫలితం వచ్చేదాకా చేతి తొడుగుల్లేకుండా పోతును గానీ పడిపోయిన పిండాలను గానీ ముట్టుకోవద్దు, పాలు కాచకుండా తాగొద్దు.