నెలలు నిండని బిడ్డ ఇంటికొచ్చాక: పాల దగ్గర వచ్చే చిక్కులు

అడగందే అమ్మయినా పెట్టదంటారు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ దగ్గర ఈ సామెత పనికిరాదు. ఆ బిడ్డ అడగడు. ఆకలేసినా గట్టిగా ఏడ్చే ఓపిక లేక నిద్రలోకి జారుకుంటాడు. మా బాబు 31 వారాలకే, 1,400 గ్రాములతో పుట్టాడు. 1,850 గ్రాములకు వచ్చాక గుంటూరు బ్రాడీపేటలోని మా ఇంటికి తెచ్చుకున్నాం. ఆసుపత్రిలో సిస్టర్లు టైము తప్పకుండా పాలు పట్టేవారు. ఇంట్లో మాత్రం వాడు ఏడ్చినప్పుడు పట్టొచ్చులే అనుకుని మొదటి వారం పోగొట్టుకున్నాను. ఆ వారంలో పెరిగింది 40 గ్రాములే.

నాలుగు గుక్కలు తాగి నిద్రపోతున్నాడు

కడుపు నిండి కాదు, అలిసిపోయి ఆపేస్తాడు. చీకడం, మింగడం, ఊపిరి తీసుకోవడం ఒకదానితో ఒకటి కుదరడం గర్భం లెక్కన 34 వారాల దగ్గర మొదలవుతుంది. ఇంటికొచ్చే నాటికి అది వచ్చేసినా, చివరిదాకా తాగే బలం ఇంకా రాదు.

పాలు పట్టడం మొదలుపెట్టిన టైము నుంచి రెండు, మహా అయితే మూడు గంటలకు అలారం పెట్టుకోండి. రాత్రిళ్ళూ అంతే. "నిద్రపోయే బిడ్డను లేపకూడదమ్మా" అని మా అత్తయ్య ఎంతో ప్రేమగా అడ్డుపడేవారు. నెలలు నిండిన, బాగా బరువు పెరుగుతున్న బిడ్డకైతే ఆ మాట సరే. వీళ్ళను మాత్రం లేపాలి. చుట్టిన గుడ్డ వదులు చేసి, అరికాలు మెల్లగా రుద్దితే కళ్ళు తెరుస్తారు.

మొత్తం అరగంట దాటనివ్వకండి. అంతకుమించి లాగితే తాగిన పాల బలం తాగడానికే ఖర్చయిపోతుంది. మిగతాది పిండిన తల్లిపాలతో, డాక్టర్ చెప్పిన కొలతకు, ఉగ్గుగిన్నెతో పట్టండి. బిడ్డను ఒళ్ళో సగం కూర్చున్నట్టు పట్టుకుని, గిన్నె ముక్కును పెదవి మూలకు ఆనించి, కొంచెం కొంచెంగా వంచాలి. గుటక వేసినట్టు గొంతు కదిలాకే మళ్ళీ వంచాలి. పడుకోబెట్టి గొంతులో పోయడం ప్రమాదం, పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. గిన్నెను ప్రతిసారీ సబ్బుతో కడిగి నీళ్ళలో మరగబెట్టాలి.

బరువు పెరగడం లేదు

రోజుకు 20 నుంచి 30 గ్రాముల చొప్పున పెరగాలి. కంగారు పడేముందు తూకం చూడండి. ఒక క్లినిక్‌లో సోమవారం, ఇంకో చోట శుక్రవారం తూస్తే రెండు మిషన్లకూ 100 గ్రాముల తేడా ఉండొచ్చు. అది నాలుగు రోజుల ఎదుగుదల! ఒకే మిషన్ మీద, డైపర్ కూడా లేకుండా, వారానికోసారి తూయించి తేదీతో సహా రాసుకోండి. మా పుస్తకంలో ఆ అంకెల పక్కనే ఎన్నిసార్లు తాగాడు, ఎన్ని డైపర్లు తడిపాడు అనేవి కూడా ఉండేవి. డాక్టరుగారు మా మాటల కన్నా ముందు ఆ పేజీలే చూసేవారు. రోజుకు ఆరు కన్నా తక్కువ డైపర్లు తడిస్తే పాలు చాలడం లేదని అర్థం.

తూకం సరిగ్గానే ఉండి బరువు పెరగకపోతే మొదట వేళలు చూడండి, ఒకటి రెండుసార్లు తప్పిపోతుంటాయి. రెండోది మన ఇళ్ళలో ఎవరికీ తట్టదు: స్నానం. నలుగు పెట్టి, కాళ్ళ మీద వేసుకుని చెంబులతో పోసి, సాంబ్రాణి వేసేసరికి రెండు కిలోలైనా లేని బిడ్డ చల్లబడిపోతాడు. తాగిందంతా ఒళ్ళు వెచ్చబెట్టుకోవడానికే పోతుంది. పొగ ఆ ఊపిరితిత్తులకు అసలే పడదు. డాక్టర్ సరే అనేదాకా గోరువెచ్చని తడిగుడ్డతో తుడిస్తే చాలు. ఆపైన రోజూ వీలైనన్ని గంటలు గుండెలకు ఆనించుకుని, ఒంటికి ఒళ్ళు తగిలేలా పెట్టుకోండి. దాన్నే కంగారూ కేర్ అంటారు. బిడ్డ వెచ్చగా ఉంటాడు, తల్లికి పాలూ పెరుగుతాయి. నాన్న కూడా చేయొచ్చు.

పాలు తగ్గినట్టనిపిస్తే రాత్రితో కలిపి రోజుకు ఎనిమిదిసార్లు పిండాలి. రొమ్ములో ఆఖర్న వచ్చే పాలలో కొవ్వు ఎక్కువ. అందుకే మొదటి పాలు కొంచెం పిండి పక్కన పెట్టి, తర్వాతివి బిడ్డకు ఇవ్వమని మా డాక్టరుగారు చెప్పారు. మీరూ అడగండి.

తల్లిపాలలో కలిపే పొడి ప్యాకెట్లు రాసిస్తే, ప్యాకెట్ మీద ఉన్నన్ని ఎంఎల్ పాలలోనే కలపండి. బలం వస్తుందని చిక్కగా కలిపితే పొట్ట ఉబ్బుతుంది. డబ్బా పాలు తప్పనిసరైతే, నెలాఖరుదాకా రావాలని నీళ్ళు ఎక్కువ పోయకండి. బరువు ఆగిపోవడానికి అదొక్కటి చాలు. గేదె పాలు, తేనె, గ్రైప్ వాటర్, వస, ఆముదం ఏవీ వద్దు.

ఎండల్లో నీళ్ళు పట్టాలా?

వద్దు. రోహిణి కార్తెలోనైనా తల్లిపాలలో ఉన్న నీళ్ళే చాలు. చిన్న పొట్టలో నీళ్ళు పోస్తే పాలకు చోటుండదు. మన బెజవాడ, గుంటూరు ఎండల్లో అసలు భయం పిండిన పాల గురించి. చల్లటి గదిలో నాలుగు గంటలుంటాయన్న లెక్క ఇక్కడ నమ్మొద్దు, పిండగానే ఫ్రిజ్ లోపలి అరలో పెట్టండి, తలుపులో కాదు. 24 గంటల్లో వాడేయండి. పొయ్యి మీద కాకుండా, వేడినీళ్ళ గిన్నెలో పెట్టి వెచ్చబెట్టండి. కరెంటు చాలాసేపు పోయి ఫ్రిజ్ చల్లదనం పోతే ఆ పాలు పారబోయండి, ఎంత ప్రాణం ఉసూరుమన్నా.

చుక్కల మందులు

విటమిన్ డి రోజుకు 400 యూనిట్లు చాలామంది పిల్లలకు రాస్తారు, ఐరన్ బరువును బట్టి. చిక్కు సీసాలో ఉంది. ఒక ఎంఎల్‌కు 400 ఉన్న సీసాలూ ఉన్నాయి, 800 ఉన్నవీ ఉన్నాయి. మాకు మందుల షాపులో రెండోసారి వేరే కంపెనీది ఇచ్చారు. పాత అలవాటుతో ఒక ఎంఎల్ పోశాను. రెట్టింపు డోసు పడుతోందని నాలుగో రోజు లేబుల్ చదివితే గానీ తెలియలేదు. భయపడాల్సిందేమీ లేదని డాక్టర్ అన్నా, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సీసా మారిన ప్రతిసారీ లేబుల్ చదివి, చీటీతో పోల్చుకోండి. బరువు పెరిగే కొద్దీ ఐరన్ డోసు మారాలి, అది అడగడం మనమే మర్చిపోతాం. ఐరన్ మొదలయ్యాక విరోచనం నల్లగా అవుతుంది, టెన్షన్ వద్దు.

కక్కుతున్నాడు

తాగాక పెదవి అంచున కొంచెం పాలు కారడం మామూలే. భుజాన వేసుకుని తేన్పించి, ఇరవై నిమిషాలు నిటారుగా ఎత్తుకోండి. పచ్చగా, ఆకుపసరులా కక్కితే మాత్రం అది వేరు.

అలా కక్కినా, పొట్ట ఉబ్బి గట్టిపడినా, విరోచనంలో రక్తం కనిపించినా, వరసగా రెండుసార్లు పాలు తాగకపోయినా, నిమిషానికి 60 సార్లకు మించి ఊపిరి తీస్తున్నా, పెదాలు నీలంగా మారినా, ఒళ్ళు చల్లబడినా, జ్వరం వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేయండి. గుంటూరు, విజయవాడ జీజీహెచ్‌లు (ప్రభుత్వ పెద్దాసుపత్రులు) రెండింటిలోనూ నవజాత శిశువుల వార్డులున్నాయి.

ఆరో నెల వచ్చింది, అన్నప్రాశన ఎప్పుడు?

వయసు లెక్క మార్చుకోవాలి, పుట్టిన రోజు నుంచి కాదు, నెలలు నిండి పుట్టాల్సిన రోజు నుంచి. మావాడు 9 వారాలు ముందు పుట్టాడు, అంటే క్యాలెండర్ ప్రకారం ఆరు నెలలైనా వాడికి నాలుగు నెలలే. 34 వారాల లోపు పుట్టిన పిల్లల మీద ఢిల్లీ ఆసుపత్రుల్లో చేసి 2017లో ప్రచురించిన పరిశోధనలో, ఇలా సరిచేసిన వయసు నాలుగు నెలలకే గట్టి ఆహారం మొదలుపెడితే ఎదుగుదలలో లాభం కనిపించలేదు, ఆసుపత్రిలో చేరడం మాత్రం ఎక్కువైంది. మా డాక్టరుగారు సరిచేసిన ఆరు నెలలదాకా, మెడ నిలబడి ఆనించి కూర్చోబెట్టగలిగేదాకా ఆగమన్నారు. అత్తయ్య ముహూర్తం తప్పుతుందని బాధపడ్డారు. మగపిల్లాడికి సరి నెల కావాలి, ఎనిమిదో నెల కూడా సరి నెలే కదా అని పురోహితుడుగారు అన్నారు. ఆ నెల ఆఖరి వారంలో వెండి గిన్నెలో పరమాన్నం ముద్ద ముందు పెట్టి, వాడి నాలుకకు తాకించాం. మర్నాటి నుంచి మెత్తగా ఉడికించి మెదిపిన పప్పన్నం, రోజుకు రెండు చెంచాలు.