బ్లూటూత్ బడ్స్ ఫోన్‌కి కనెక్ట్ కావట్లేదా? ముందు అవి దేన్ని పట్టుకుని ఉన్నాయో చూడండి

అమీర్‌పేట మెట్రోలో రెడ్ లైన్ దిగి బ్లూ లైన్ ఎక్కేలోపు పాట ముక్కలు ముక్కలుగా వస్తే అదొక రకం జబ్బు. ఆఫీసులో కేస్ మూత తీయగానే బడ్స్ చేతిలోని ఫోన్‌ని వదిలేసి బ్యాగులోని ల్యాప్‌టాప్‌ని పట్టుకుంటే అది ఇంకో రకం. లిస్టులో పేరు కనిపిస్తూనే ఉండి, నొక్కితే మాత్రం కనెక్ట్ కాకపోతే అది మూడో రకం. మూడింటికీ మనం వేసే మందు ఒకటే, ఆఫ్ చేసి ఆన్ చేయడం. ఒక్కోసారి తగ్గుతుంది కూడా. ఎందుకు తగ్గిందో తెలియదు కాబట్టి వారం తిరక్కుండా మళ్ళీ మొదలవుతుంది.

అసలు సంగతి ఏమిటంటే, పెయిరింగ్ వేరు, కనెక్ట్ కావడం వేరు. పెయిరింగ్ ఒక్కసారే జరుగుతుంది. అప్పుడు ఫోనూ హెడ్‌ఫోన్సూ కలిసి ఒక రహస్య కోడ్ తయారుచేసుకుని, దేని దగ్గర అది రాసి పెట్టుకుంటాయి. కిరాణా కొట్లో ఖాతా లాంటిదన్నమాట. కొట్టు పుస్తకంలో ఒక పద్దు ఉంటుంది, మన చిట్టీలో అదే పద్దు ఉంటుంది. రోజూ మూత తీయగానే జరిగే కనెక్షన్ అంటే ఈ రెండు పద్దులూ సరిచూసుకోవడమే. ఒకవైపు కొట్టేసి రెండోవైపు ఉంచేస్తే పేరు కనిపిస్తుంది గానీ పని జరగదు. పైగా హెడ్‌ఫోన్స్ పుస్తకం చిన్నది. చాలా మోడళ్ళలో 8 పరికరాల వరకే పడతాయి, తొమ్మిదోది రాగానే ఒక పాతది చెరిగిపోతుంది.

మొదటిసారి పెయిర్ చేసేటప్పుడు

కొత్త బడ్స్ అయితే ముందు కేస్‌లోంచి తీసి చూడండి. చాలావాటికి ఛార్జింగ్ పిన్నుల మీద సన్నటి ప్లాస్టిక్ పొర అంటించి ఉంటుంది. అది తీయకపోతే ఛార్జ్ ఎక్కదు, కేస్‌లో పెట్టినా పెట్టినట్టు వాటికి తెలియదు. పొర తీసి, కేస్‌లో పెట్టి, ఓ అరగంట ఛార్జ్ చేశాకే మొదలుపెట్టండి.

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే: ఆన్ చేస్తే చాలు, ఫోన్‌లో కనిపిస్తుందనుకుంటారు. ఇంతకుముందు ఎక్కడైనా పెయిర్ అయిన హెడ్‌ఫోన్స్ ఆన్ కాగానే పాత పరికరాన్నే వెతుక్కుంటాయి తప్ప కొత్తవాళ్ళకి కనిపించవు. పెయిరింగ్ మోడ్‌లోకి విడిగా తేవాలి. తలమీద పెట్టుకునే హెడ్‌ఫోన్స్, నెక్‌బ్యాండ్ అయితే, ఆఫ్‌లో ఉండగా పవర్ బటన్ నొక్కి పట్టుకోండి. ఆన్ అయిన శబ్దం రాగానే వదిలేయకండి. మోడల్‌ని బట్టి మొత్తం 5 నుంచి 7 సెకన్ల దాకా పడుతుంది. సోనీ డబ్ల్యూహెచ్-1000ఎక్స్ఎం4కి దాదాపు 7 సెకన్లు కావాలి. లైటు రెండేసిసార్లు గబగబా కొట్టుకోవడమో, ఎరుపు నీలం మారుతూ ఉండటమో, ‘పెయిరింగ్’ అని మాట వినిపించడమో గుర్తు. కేస్‌కి బటన్ ఉన్న బడ్స్‌ని లోపలే ఉంచి, మూత తెరిచి, ఆ బటన్ నొక్కి పట్టుకోవాలి. బటన్ లేనివాటిలో ఎక్కువ శాతం రెండు బడ్స్‌నీ ఒకేసారి వేలితో తాకి పట్టుకుంటే ఆ మోడ్‌లోకి వస్తాయి. ఈ మోడ్ కొద్ది నిమిషాలే ఉంటుంది. ఆలోపు కాకపోతే మళ్ళీ మొదటి నుంచి నొక్కాలి.

ఫోన్ని మీటరు లోపు దూరంలో పెట్టుకోండి. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, కనెక్టెడ్ డివైసెస్, పెయిర్ న్యూ డివైస్. శాంసంగ్‌లో కనెక్షన్స్ కింద బ్లూటూత్. ఐఫోన్‌లో సెట్టింగ్స్ తెరవగానే బ్లూటూత్ పైనే ఉంటుంది. విండోస్ 11లో సెట్టింగ్స్, బ్లూటూత్ అండ్ డివైసెస్, యాడ్ డివైస్. పిన్ అడిగే పాత మోడళ్ళకి 0000 కొట్టండి. ఒకే హెడ్‌ఫోన్స్ రెండు పేర్లతో కనిపించి, అందులో ఒకదాని ముందు ‘ఎల్ఈ’ అని ఉంటే దాన్ని వదిలేసి మామూలు పేరే ఎంచుకోండి. కాంటాక్టులు, కాల్ హిస్టరీ చూడటానికి అనుమతి అడిగితే పాటలు వినడానికి అది అక్కర్లేదు, ఇవ్వకపోయినా ఏమీ ఆగదు.

ఆండ్రాయిడ్ టీవీలో రిమోట్స్ అండ్ యాక్సెసరీస్ కింద ఇదే పని చేయొచ్చు. బ్లూటూత్ లేని పాత టీవీకి 3.5 మిల్లీమీటర్ల జాక్‌లోనో ఆప్టికల్ పోర్టులోనో పెట్టే ట్రాన్స్‌మిటర్ కావాలి. కోఠి గుజరాతీ గల్లీలోనో, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ (సీటీసీ)లోనో అడిగితే ‘ట్రాన్స్‌మిటర్’ అని నొక్కి చెప్పండి. రిసీవర్ చూడటానికి అచ్చం అలాగే ఉంటుంది, పని మాత్రం పూర్తిగా ఎదురు. స్పీకర్‌కి పెట్టేది రిసీవర్, టీవీకి పెట్టేది ట్రాన్స్‌మిటర్.

లిస్టులోనే కనిపించకపోతే, కనిపించీ కనెక్ట్ కాకపోతే

ముందు ఇంట్లో, ఆఫీసులో ఆ హెడ్‌ఫోన్స్‌ని ఇంతకుముందు పెయిర్ చేసినవన్నీ గుర్తు చేసుకోండి. ట్యాబ్, టీవీ, తమ్ముడి ఫోన్, కంపెనీ ల్యాప్‌టాప్. వాటిలో ఏదో ఒకటి ఇప్పటికే పట్టుకుని ఉండొచ్చు. మూత మూసినంత మాత్రాన ల్యాప్‌టాప్ నిద్రపోయిందనుకోవద్దు, కొన్ని సెట్టింగుల్లో బ్లూటూత్ నడుస్తూనే ఉంటుంది. వాటన్నింటిలో బ్లూటూత్ ఆపేసి, ఫోన్‌లో ఒకసారి ప్రయత్నించండి. సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి.

ఒకేసారి రెండు పరికరాలకి కనెక్ట్ అయ్యే మల్టీపాయింట్ హెడ్‌ఫోన్స్ వాడేవాళ్ళకి ఇంకో చిక్కు ఉంది. ఫోన్‌లో పాట వస్తుండగా ల్యాప్‌టాప్‌లో ఒక మెయిల్ టింగుమంటే చాలు, పాట ఆగిపోతుంది. అది రిపేరు కాదు, రెండో పరికరం సౌండ్ అడిగిందంతే. ల్యాప్‌టాప్ నోటిఫికేషన్ శబ్దాలు ఆపేయండి, లేదా హెడ్‌ఫోన్స్ యాప్‌లో మల్టీపాయింట్ తీసేయండి.

ఏదీ పట్టుకోలేదు, అయినా కనెక్ట్ కావట్లేదంటే పద్దులు చెడ్డాయన్నమాట. ఇక్కడ రెండువైపులా చెరపాలి. ఫోన్‌లో ఆ పేరు పక్కనున్న గుర్తు నొక్కి ఫర్గెట్ చేయండి. తర్వాత హెడ్‌ఫోన్స్‌ని రీసెట్ చేయండి. ఎయిర్‌పాడ్స్ మూడో తరం వరకూ, ప్రో మొదటి రెండు తరాలకూ పద్ధతి ఇది: మూత తెరిచి కేస్ వెనక బటన్‌ని 15 సెకన్ల దాకా పట్టుకుంటే లైటు ముందు కాషాయం రంగులో, తర్వాత తెల్లగా కొట్టుకుంటుంది. మిగతా కంపెనీలవి ఒక్కోదానికీ ఒక్కో పద్ధతి, డబ్బాలోని కాగితం చూడక తప్పదు. ఆ తర్వాత ఫోన్‌ని రీస్టార్ట్ చేసి, కొత్తగా పెయిర్ చేయండి. ఇంతవరకూ చాలామంది చేస్తారు. మరిచిపోయేది తర్వాతి మెట్టు. రీసెట్‌తో హెడ్‌ఫోన్స్ పుస్తకం మొత్తం ఖాళీ అయింది కదా, ల్యాప్‌టాప్‌లో, టీవీలో మాత్రం పాత పద్దే మిగిలి ఉంటుంది. వాటిలో కూడా ఒక్కోదాన్లో ఫర్గెట్ కొట్టి మళ్ళీ పెయిర్ చేయాలి. లేకపోతే ఫోన్‌లో బాగయిన హెడ్‌ఫోన్స్ ల్యాప్‌టాప్‌లో పాడయ్యాయని అనుకుంటారు.

ఫోన్‌లో మొత్తం నెట్‌వర్క్ సెట్టింగ్స్ రీసెట్ చేయమని చాలాచోట్ల మొదటే చెప్పేస్తారు. దాన్ని చివరికి ఉంచండి. ఐఫోన్‌లో అది వైఫై పాస్‌వర్డ్‌లన్నీ తుడిచేస్తుంది, ఆండ్రాయిడ్‌లోనూ అంతే. కేపీహెచ్‌బీ హాస్టల్లో వైఫై పాస్‌వర్డ్ వార్డెన్‌కి తప్ప ఇంకెవరికీ తెలియనప్పుడు ఆ బటన్ నొక్కితే రాత్రంతా మొబైల్ డేటానే దిక్కు.

ఒక్క చెవిలోనే వస్తుంటే

ఇది ముప్పావు వంతు మురికి సమస్య. మే నెల ఎండల్లో చెమటా చెవిలోని గులిమీ కలిసి ఛార్జింగ్ పిన్నుల మీద పేరుకుంటాయి. అప్పుడు ఒక బడ్ కేస్‌లో ఉన్నా ఛార్జ్ కాదు. బడ్ మీద పిన్నులనీ, కేస్ అడుగున ఉన్న పిన్నులనీ పొడి దూది పుల్లతో తుడవండి. మొండిగా ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక్క చుక్క దూదికి అద్దండి. నీళ్ళు వద్దు, గుండుసూది అసలే వద్దు. తర్వాత రెండూ కేస్‌లో పెట్టి మూత వేసి, అరనిమిషం ఆగి తీయండి. అయినా రాకపోతే రెండు బడ్స్ ఒకదాన్నొకటి మరిచిపోయాయి, రీసెట్ చేయాల్సిందే. ఈలోగా ఫోన్ యాక్సెసిబిలిటీ సెట్టింగ్స్‌లో ఆడియో బ్యాలెన్స్ గీత మధ్యలోనే ఉందో లేదో చూడండి. పిల్లల చేతిలో పడిన ఫోన్లలో అది ఒక పక్కకి జరిగిపోయి కనిపిస్తుంటుంది.

పాట తెగుతుంటే

బ్లూటూత్ 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో నడుస్తుంది. వైఫైలో ఒక బ్యాండ్, మైక్రోవేవ్ ఓవెన్ కూడా అక్కడే. పాటలు మోసే బ్లూటూత్ ఈ బ్యాండ్‌ని 79 ఛానళ్ళుగా విడగొట్టుకుని, సెకనుకి 1600 సార్ల వరకూ ఒకదాన్నుంచి ఇంకోదానికి గెంతుతుంది. రద్దీగా ఉన్న ఛానళ్ళని వదిలి ఖాళీగా ఉన్నవాటినే ఏరుకుంటుంది. అమీర్‌పేటలో రెండు మెట్రో లైన్ల జనం కలిసే చోట, వందల ఫోన్లూ బడ్సూ ఒకేసారి మాట్లాడుతుంటే ఏరుకోవడానికి ఖాళీ మిగలదు.

దానికి మనం చేయగలిగింది దారి సాఫీ చేయడమే. మనిషి ఒంట్లో ఉన్న నీరు ఈ తరంగాలని పీల్చేస్తుంది. ప్యాంటు వెనక జేబులో ఫోన్, రెండో పక్క చెవిలో బడ్ అంటే మధ్యలో ఉన్నది మన శరీరమే. ఫోన్‌ని చొక్కా జేబులోకి మార్చితే చాలాసార్లు అక్కడికక్కడే తగ్గుతుంది. ఎల్‌డాక్ కోడెక్ (పాటని కుదించి పంపే ఒక పద్ధతి) వాడే ఫోన్లలో అది 990 కేబీపీఎస్‌లో, అంటే దాని గరిష్ఠ వేగంలో ఉంటే, హెడ్‌ఫోన్స్ యాప్‌లో సౌండ్ క్వాలిటీ కన్నా కనెక్షన్‌కి ప్రాధాన్యం ఇచ్చే ఆప్షన్ ఎంచుకోండి. మెట్రో చప్పుడులో ఆ క్వాలిటీ తేడా ఎలాగూ వినపడదు.

ఇంట్లో అయితే రూటర్‌ని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చి ఫోన్‌ని దానికే కలపండి. నిన్నటి బిర్యానీ ఓవెన్‌లో తిరిగే 2 నిమిషాలు మాత్రమే పాట తెగుతుంటే కారణం వెతకనక్కర్లేదు, వంటింట్లోంచి బయటికి రండి. డెస్క్‌టాప్‌కి బ్లూటూత్ డాంగిల్ (యూఎస్‌బీ పోర్టులో గుచ్చే చిన్న ముక్క) పెట్టినవాళ్ళు ఒకటి గమనించాలి. యూఎస్‌బీ 3 పోర్టులూ, వాటికి తగిలించిన హార్డ్‌డిస్కులూ 2.4 గిగాహెర్ట్జ్‌లో రేడియో రొద పుట్టిస్తాయి. డాంగిల్‌ని దూరంగా ఉన్న యూఎస్‌బీ 2 పోర్టులో, వీలైతే చిన్న ఎక్స్‌టెన్షన్ కేబుల్ చివర పెట్టండి.

మీటింగ్‌లో గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంటే

హైటెక్ సిటీలో పనిచేసే ప్రతి రెండోవాడికీ ఈ ఫిర్యాదు ఉంటుంది. పాట బ్రహ్మాండంగా వస్తుంది, మీటింగ్‌లో చేరగానే పాత ల్యాండ్‌లైన్‌లా అయిపోతుంది. హెడ్‌ఫోన్స్ పాడవలేదు. మామూలు బ్లూటూత్‌లో పాటలకి ఒక పద్ధతి, కాల్స్‌కి ఒక పద్ధతి. స్టీరియోలో వచ్చే పాటల పద్ధతి ఒకవైపే నడుస్తుంది, అందులో మైక్ లేదు. మైక్ ఆన్ కాగానే కాల్స్ పద్ధతికి మారాలి, అది మోనో, అంటే రెండు చెవుల్లోనూ ఒకటే శబ్దం. పైగా మామూలుగా 8 లేదా 16 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేటుకి (సెకనుకి శబ్దాన్ని ఎన్నిసార్లు కొలుస్తారో ఆ లెక్క) పడిపోతుంది. విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ ఇదే తంతు.

మందు తేలిక. మీటింగ్ యాప్ ఆడియో సెట్టింగ్స్‌లో స్పీకర్‌గా హెడ్‌ఫోన్స్ ఉంచి, మైక్‌గా ల్యాప్‌టాప్ మైక్ పెట్టండి. హెడ్‌ఫోన్స్ వెంటనే స్టీరియోకి తిరిగొస్తాయి. విండోస్ 10లో ఒకే హెడ్‌ఫోన్స్‌కి రెండు పేర్లు కనిపిస్తాయి. స్టీరియో అని ఉన్నది పాటలకి, హ్యాండ్స్‌ఫ్రీ అని ఉన్నది కాల్స్‌కి. పాటలు మందంగా వస్తున్నాయంటే రెండోది ఎంచుకుని ఉంటారు, లేదా ఏదో యాప్ వెనకాల మైక్ పట్టుకుని ఉంటుంది.

ల్యాప్‌టాప్‌లో కాసేపు వాడకపోతే బ్లూటూత్ తనంతట తాను ఊడిపోతుంటే, డివైస్ మేనేజర్ తెరిచి బ్లూటూత్ అడాప్టర్ ప్రాపర్టీస్‌లో పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌కి వెళ్ళండి. కరెంటు ఆదా కోసం దీన్ని ఆపొచ్చు అనే గడిలో టిక్ తీసేయండి. కంపెనీ ల్యాప్‌టాప్‌లో ఈ గడి మూసి ఉంటే ఐటీ వాళ్ళకి టికెట్ పెట్టడమే, మీ చేతిలో లేదు.

మిగతా చిన్నవి

ఆండ్రాయిడ్‌లో వాల్యూమ్ పూర్తిగా పెంచినా చిన్నగా వస్తుంటే, అబౌట్ ఫోన్‌లో బిల్డ్ నంబర్‌ని 7 సార్లు నొక్కి డెవలపర్ ఆప్షన్స్ తెరవండి. అందులో డిజేబుల్ అబ్సల్యూట్ వాల్యూమ్ ఆన్ చేసి, హెడ్‌ఫోన్స్‌ని ఒకసారి తీసి మళ్ళీ కనెక్ట్ చేయండి. అప్పుడు ఫోన్ వాల్యూమ్, హెడ్‌ఫోన్స్ వాల్యూమ్ విడివిడిగా మారతాయి. మొదట తగ్గించి పెట్టుకుని తర్వాతే పెంచండి, చెవులు మీవే.

గేముల్లో తుపాకీ పేలాక శబ్దం రావడం బ్లూటూత్ స్వభావం. వీడియో యాప్‌లు ఆ ఆలస్యానికి తగ్గట్టు బొమ్మని వెనక్కి జరుపుతాయి, గేములకి ఆ వీలు లేదు. బడ్స్‌లో గేమ్ మోడ్ ఉంటే ఆన్ చేయండి, లేకపోతే వైర్ పెట్టుకోండి.

ఇవన్నీ చేశాక, అదే హెడ్‌ఫోన్స్‌ని వేరే రెండు ఫోన్లకి పెయిర్ చేసి చూడండి. వాటిలో బాగా పనిచేస్తే తప్పు మీ ఫోన్‌ది. వాటిలోనూ అదే తంతు అయితే హార్డ్‌వేర్ పోయినట్టే, ఇక ఎన్నిసార్లు రీసెట్ చేసినా లాభం లేదు. వారంటీ ఉంటే సర్వీస్ సెంటర్‌కి రెండు బడ్స్, కేస్, బిల్లు అన్నీ కలిపి తీసుకెళ్ళండి. చెడిన బడ్ ఒక్కటే పట్టుకెళ్తే, దాన్ని రెండోదానితో కలిపి చూడటానికి వీలుండదు కాబట్టి మళ్ళీ ఇంటికి తిరగాల్సి వస్తుంది.