అర్రే మధ్యలో చేర్చాలన్నా తీయాలన్నా స్ప్లైస్

జావాస్క్రిప్ట్ నేర్చుకుంటున్న పాలమూరు, నల్లగొండ విద్యార్థులకు ఒక చిట్కా. అర్రే (విలువలను వరుసగా ఉంచే జాబితా) చివర చేర్చడానికి పుష్, తీయడానికి పాప్ చాలు. చిక్కంతా మధ్యలోనే, దానికే స్ప్లైస్. మహబూబ్‌నగర్, జడ్చర్ల, షాద్‌నగర్, హైదరాబాద్ అని బస్సు స్టాపుల అర్రే ఉందనుకోండి. లెక్క సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి స్ప్లైస్(2, 0, "బాలానగర్") అని రాస్తే షాద్‌నగర్‌కు ముందు బాలానగర్ చేరుతుంది. మొదటి అంకె ఏ స్థానమో, రెండో అంకె ఎన్ని తీసేయాలో చెబుతుంది. అది రాయకుండా స్ప్లైస్(2) అని వదిలేస్తే అక్కడి నుంచి హైదరాబాద్ దాకా అన్నీ పోతాయి! ఇది మాత్రం తప్పక గుర్తుంచుకోండి. కొంత భాగం తీసి చూసుకోవడానికే అయితే స్లైస్(1, 3) వాడండి: 1, 2 స్థానాల్లోనివి వస్తాయి, అసలు అర్రే చెక్కుచెదరదు. అసలును ముట్టకుండా మార్చిన ప్రతి కావాలంటే జావాస్క్రిప్ట్ 2023 ప్రమాణంలో చేరిన టుస్ప్లైస్‌డ్ ఉంది, పాత బ్రౌజర్లలో పనిచేయదు.