ఆర్‌టీపీ ఇంటర్నేషనల్ చూస్తూ పోర్చుగీసు చెవికెక్కించుకోవడం ఎలా

యాప్‌లో పోర్చుగీసు బాగానే వచ్చేసింది అనుకుని, తీరా నెవార్క్‌లోనో లక్సెంబర్గ్‌లోనో పోర్చుగల్ వాళ్ళ పక్కన నిలబడితే ఒక్క ముక్క అర్థం కావట్లేదా? డుయోలింగో లాంటి భాషా యాప్ నేర్పేది బ్రెజిల్ పోర్చుగీసు. పోర్చుగల్ వాళ్ళు ఒత్తి పలకని అచ్చుల్ని చాలావరకు మింగేస్తారు, మాట చివర స ఉంటే ష్ అంటారు, మనమేమో దాదాపు ప్రతి మాటా అచ్చుతో ముగించే వాళ్ళం, కాబట్టి మన చెవికి ఇంకాస్త కష్టం. దీనికి రోజూ కాసేపు వినడం తప్ప వేరే దారి లేదు. వినడానికి ఆర్‌టీపీ ఇంటర్నేషనల్ మంచి ఛానల్, బయటి దేశాల్లో ఉన్న పోర్చుగీసు వాళ్ళ కోసం 1992 జూన్ 10న, అంటే సరిగ్గా పోర్చుగల్ జాతీయ దినం నాడు మొదలెట్టిన ప్రభుత్వ ఛానల్ ఇది.

కేబుల్ ప్యాకేజీకి డబ్బులు పెట్టే ముందు ఆర్‌టీపీ ప్లే సైటో యాపో తెరిచి చూడండి, ఫ్రీ. లైవ్ లిస్టులో పోర్చుగల్‌లో వాళ్ళు చూసే ఆర్‌టీపీ 1 కూడా కనిపిస్తుంది కానీ ప్రసార హక్కుల వల్ల అందులో కొన్ని ప్రోగ్రాములు బయటి దేశాల్లో రావు, అందుకే ఇంటర్నేషనల్ అని ఉన్నదే నొక్కండి.

అందరూ సీరియల్‌తో మొదలెట్టమంటారు, నేనైతే వద్దంటా. గుసగుసలూ ఏడుపులూ, కొత్తవాళ్ళకి ఏం పట్టుబడుతుంది అందులో! ఫెర్నాందో మెందెస్ నడిపే 'ఉ ప్రేసు సేర్తు' అనే గేమ్ షో పెట్టుకోండి. వస్తువు చూపిస్తారు, ధర ఊహించాలి, అంతే ఆట. ఫ్రిజ్ కళ్ళ ముందే ఉంటుంది, యూరోల్లో అంకెలు పదే పదే వినిపిస్తాయి, పైగా ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు ఆయనకి సాసేజీలూ వైనూ కానుకగా తెచ్చి ఎక్కడి నుంచి వచ్చారో ఏం తెచ్చారో చెప్తుంటారు, అంటే అంకెలు, ఊళ్ళు, తిండి పేర్లు ఒకే దెబ్బకి వచ్చేస్తాయి. ధర బయటపెట్టే ముందే మీరూ పోర్చుగీసులో గట్టిగా చెప్పేయండి, ఇంట్లోవాళ్ళు వింతగా చూస్తే చూడనివ్వండి.

అంకెలు పట్టుబడ్డాక న్యూస్. తెలెజుర్నాల్ అనే న్యూస్ ప్రోగ్రాం లిస్బన్ టైం రాత్రి 8కి వస్తుంది, పారిస్‌లో 9, న్యూయార్క్, టొరాంటోల్లో మధ్యాహ్నం 3. మార్చిలోనూ అక్టోబర్ చివర్లోనూ అమెరికా, యూరప్ గడియారాలు ఒకే రోజు మారవు కాబట్టి ఆ కొన్ని వారాలు న్యూయార్క్, టొరాంటోల్లో 4కి వస్తుంది, లైవ్ చూసేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. ఇంకో లాభం, విదేశీ నాయకులు ఇంగ్లీషులో మాట్లాడితే డబ్బింగ్ చెయ్యరు, కింద పోర్చుగీసు సబ్‌టైటిల్ వేస్తారు. చెవికి ఇంగ్లీషు, కంటికి పోర్చుగీసు, ఇలాంటి బిట్లు వచ్చినప్పుడు ఆపి ఆపి చదవండి, పుస్తకం కన్నా ఇదే నయం.

ఇవన్నీ చేసినా మీ పక్కింటి పెద్దాయన మాట అర్థం కాకపోతే ఆయన ఏ ఊరివారో అడగండి. టొరాంటోలో, మసాచుసెట్స్‌లోని ఫాల్ రివర్, న్యూ బెడ్‌ఫర్డ్‌లలో చాలామంది పోర్చుగల్‌కే చెందిన అజోర్స్ దీవుల వాళ్ళే, అందులో సావ్ మిగెల్ అనే దీవి యాస ఎలాంటిదంటే పోర్చుగల్ టీవీలోనే ఒక్కోసారి దానికి సబ్‌టైటిల్ వేస్తారు. అలాంటప్పుడు అదే ఆర్‌టీపీ ప్లేలో 1975 నుంచి నడుస్తున్న, ఆ దీవుల ఛానలైన ఆర్‌టీపీ అసోరెష్ ఉంటుంది, ఛానల్ అటు మార్చండి.